మాత్ర దొరికాక మిగిలిన పని: గోదావరి డెల్టాలో పరిశోధన నడిచిన తీరు

బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, తమ కళ్లెదుటే మింగించే మాత్రల్లో ఒకటి డీఈసీ. పూర్తి పేరు డైఇథైల్ కార్బమజైన్. ఈ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బయటపడింది. అప్పుడు అక్కడ పరిశోధనలు నడిపిస్తున్నది యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు దశాబ్దాల తరబడి బోదకాలు పీడిత జిల్లాల జాబితాలో ఉన్నవే. సొంత గడ్డను పట్టి పీడిస్తున్న జబ్బుకు మందు కనిపెట్టిన బృందానికి ఆ గడ్డ మీద పుట్టినాయనే పెద్దదిక్కు అయ్యారు. ఈ సంగతి డెల్టాలో గర్వంగానే చెప్పుకుంటారు. ఆ తర్వాతి సంగతి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. దేశమంతటా ఏటా ఒకసారి జనం అందరికీ మందు మింగించే కార్యక్రమం మొదలైంది 2004లో. మందు దొరికాక 57 ఏళ్లకు.

ఈ 57 ఏళ్లలో ఏం జరిగిందో తెలుసుకుంటే దేశానికి పనికొచ్చే పరిశోధన అంటే ఏమిటో బాగా అర్థమవుతుంది. అంతా నిర్లక్ష్యం వల్లే ఆలస్యమైందనుకుంటే పొరపాటు. బోదకాలు తెచ్చేది దోమ ద్వారా ఒంట్లో చేరే సన్నటి పురుగు. రక్తంలో తిరిగే దాని పిల్ల పురుగులను డీఈసీ బాగా చంపుతుంది. శోషరస (లింఫ్) నాళాల్లో కాపురం పెట్టిన పెద్ద పురుగుల మీద దాని ప్రభావం అంతంత మాత్రమే. ఆ పెద్ద పురుగులు ఏళ్ల తరబడి బతికి, పిల్లల్ని కంటూనే ఉంటాయి. కాబట్టి ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే సరిపోదు. మొదట్లో అనుసరించిన పద్ధతి రోగిని గుర్తించి పన్నెండు రోజులపాటు మందు ఇవ్వడం. గుర్తించడమే పెద్ద చిక్కు. పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి మాత్రమే ఒంటి మీది రక్తంలోకి వస్తాయి. రాత్రిపూట కుట్టే క్యూలెక్స్ దోమ వేళకు తగ్గట్టుగా అవి అలా అలవాటు పడ్డాయి. దాంతో సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక ఇళ్లకు వెళ్లి, నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలి నుంచి నెత్తురు తీయాల్సి వచ్చేది.

జాతీయ ఫైలేరియా (బోదకాలు) నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. దానికి సిబ్బందిని తయారుచేసిన శిక్షణ కేంద్రాల్లో ఒకటి రాజమహేంద్రవరంలోనే ఉంది. ఇప్పుడది జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి శాఖ. తర్వాతి దశాబ్దాల్లో పరిశోధకులు ఒక్కో ప్రశ్నా తీసుకుని తేల్చుకుంటూ వచ్చారు. పన్నెండు రోజుల మందుకు బదులు ఏడాదికి ఒక్క మోతాదు చాలా? చాలునని తేలింది. దాంతోపాటు ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మందు కలిపితే మేలా? కలపాలని నిర్ణయించారు. ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చి మూడు మందులు ఒకేసారి ఇస్తే పిల్ల పురుగులు మరింత కాలం కనిపించకుండా పోతాయా? పోతాయని తేలాక 2018 నుంచి మన దేశంలో కొన్ని జిల్లాల్లో ఆ పద్ధతి తెచ్చారు. పగటిపూటే వేలి చుక్క నెత్తురుతో పురుగు ఆనవాలు పట్టే పరీక్ష కూడా వచ్చింది. ఊళ్లో ఉన్న మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మందు మింగితేనే వ్యాప్తి తగ్గుతుందన్న లెక్క తేలింది. ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా నోబెల్ తెచ్చేది కాదు. ఇవన్నీ తేలకుండా మాత్ర మాత్రం జనం గొంతు దిగేది కాదు.

ఇప్పటికే కాళ్లు వాచినవాళ్ల విషయంలోనూ ఇలాంటి చిన్న ప్రశ్నే పెద్ద మేలు చేసింది. వాపు ఏటేటా ముదరడానికి పురుగుతోపాటు కాలి వేళ్ల సందుల్లోని పుండ్ల ద్వారా ఎక్కే బాక్టీరియా కూడా కారణమని పరిశీలనల్లో తేలింది. జ్వరం, గజ్జల్లో బిళ్లలతో మాటిమాటికీ వచ్చే నొప్పుల దాడి ఆ బాక్టీరియా పనే. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి పొడిగా ఉంచుకుంటే ఆ దాడులు బాగా తగ్గుతాయి. ఖర్చు ఒక సబ్బు బిళ్ల. అయినా ఈ మాట చెప్పేవాళ్లు ప్రతి రోగి ఇంటికీ ఇప్పటికీ చేరడం లేదు.

మందు విషయంలో ఆలస్యమైన పని వరి విషయంలో డెల్టాలో చాలా ముందే మొదలైంది. కారణం సులువుగానే కనిపిస్తుంది. పరిశోధనా కేంద్రం పొలాల మధ్యలోనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక డెల్టా వరి గంపగా మారింది. నీళ్లు వచ్చిన చోటికి నీటి సమస్యలూ వచ్చాయి. నేల పల్లం. మురుగు కాల్వలు సముద్రంలోకి సరిగా పారవు, పోటు వేళ అసలే కదలవు. సార్వా (ఖరీఫ్) పంట కోతకొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే తుపాన్లు. వేరే చోట బాగా పండిన రకం ఇక్కడ పడిపోతుంది, నీళ్లలో నాని కంకి మీదే మొలకెత్తుతుంది. ఈ నేలకు ఈ నేల మీదే రకాలు తయారు చేయాలన్న అవసరంతో 1925లో మార్టేరులో వరి పరిశోధనా కేంద్రం వచ్చింది.

అక్కడి నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, దేశంలో అత్యంత విస్తారంగా పండిన వరి రకాల్లో ఒకటి అయింది. వశిష్ట, మసూరి రకాలను సంకరం చేస్తే వచ్చింది. మసూరి బియ్యం జనానికి నచ్చినవే, కానీ మొక్క పొడుగ్గా పెరిగి గాలికి పడిపోయేది. స్వర్ణ పొట్టిగా నిలబడింది, తక్కువ నత్రజనితోనే మంచి దిగుబడి ఇచ్చింది. ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్ పల్లపు పొలాల్లోకి వెళ్లింది, బంగ్లాదేశ్ కూడా చేరింది. పశ్చిమ గోదావరిలోని ఒక చిన్న ఊరి కేంద్రం తూర్పు భారతం అన్నం ఇలా మార్చింది.

స్వర్ణకు ఒక లోపం మిగిలింది. వరదలో పూర్తిగా మునిగితే కొద్ది రోజులకే కుళ్లిపోతుంది. దీనికి పరిష్కారం ఒడిశా రైతుల పాత దేశవాళీ వంగడం ఎఫ్‌ఆర్ 13ఏలో దొరికింది. మామూలు వరి మునిగితే ఊపిరి కోసం నీటిపైకి ఎదగాలని ఆరాటపడి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుని చచ్చిపోతుంది. ఎఫ్‌ఆర్ 13ఏ ఎదుగుదల ఆపేసి, శక్తి దాచుకుని, నీళ్లు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఆ గుణానికి మూలమైన సబ్1ఏ జన్యువు వివరాలు 2006లో ప్రచురితమయ్యాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆ భాగాన్ని జన్యు గుర్తుల సాయంతో స్వర్ణలోకి ఎక్కించింది. రుచి, గింజ, దిగుబడి స్వర్ణవే, మునిగినా సుమారు రెండు వారాలు తట్టుకుంటుంది. 2009లో మన దేశంలో స్వర్ణ సబ్1 విడుదలైంది. పునాది మార్టేరుది, జన్యువు ఒడిశా రైతుది, ప్రయోగశాల మనీలా పక్కది. ఒక్క సంస్థ పేరు చెప్పి చప్పట్లు కొట్టడానికి వీల్లేని పని ఇది. పనికొచ్చే పరిశోధన చాలా వరకు ఇలాగే జరుగుతుంది.

వరి మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ అనే పురుగు కథ ఇంకా నేర్పుతుంది. డెల్టా రైతు దోమపోటు అంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. 1970, 80 దశకాల్లో పొట్టి రకాలు, ఎక్కువ యూరియా, దగ్గర దగ్గరగా నాట్లు, మాటిమాటికీ పురుగుమందు, ఇవన్నీ కలిసి దోమకు పండగ చేశాయి. మందు కొట్టిన కొద్దీ దోమ ఎందుకు పెరుగుతోందో రైతుకు అంతుపట్టేది కాదు. దోమను తినే సాలెపురుగులు, మిరిడ్ నల్లులు ముందు చస్తున్నాయని పరిశోధకులు పొలంలో లెక్కపెట్టి చూపించారు. రెండు జవాబులు వచ్చాయి. ఒకటి, దోమను తట్టుకునే రకాలు: మార్టేరు నుంచి 1995లో ఎంటీయూ 1001 విజేత, 2000లో ఎంటీయూ 1010. రెండోదానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టడం డెల్టా కృతజ్ఞత. తక్కువ కాలంలో చేతికొచ్చే ఈ రకం దాళ్వాకు (రబీకి) సరిపోయింది, ఆపైన దేశమంతా తిరిగింది. రెండో జవాబుకు పైసా ఖర్చు లేదు. ప్రతి రెండు మీటర్ల నాటుకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం. మొక్కల మొదళ్లకు గాలి, వెలుతురు తగిలితే దోమకు నచ్చే చెమ్మ, నీడ తగ్గుతాయి. మందు కూడా ఆకుల మీద కాకుండా మొదళ్లకు పడుతుంది.

దోమ మాత్రం ఊరుకోదు. తట్టుకునే రకం ఎక్కువ విస్తీర్ణంలో వేసిన కొద్దీ, ఆ రకాన్ని కూడా తినగలిగే దోమలే మిగిలి సంతతి పెంచుకుంటాయి. కొన్నేళ్లకు కొత్త రకం కావాలి. కాల్వలు కట్టేసిన వేసవిలో ప్రతి ఏడూ పూడిక తీస్తేనే శివారు భూములకు నీళ్లు అందుతాయి కదా, వంగడాల పరిశోధనా అలాంటిదే. ఎప్పుడో ఒకసారి తవ్వాం కాబట్టి ఇక చాలు అనుకోవడానికి లేదు.

ఇక్కడే డబ్బు సంగతి రావాలి. ఒక సంకరం చేసి, ఆరేడు తరాలు స్థిరపరచి, కేంద్రంలో పరీక్షించి, మినీకిట్లుగా, అంటే చిన్న విత్తన సంచులుగా, రైతుల చేతికిచ్చి చూసి, రకం విడుదల చేయడానికి ఇంచుమించు పదీ పన్నెండేళ్లు పడుతుంది. ఈ ఏడాది ఖాళీగా వదిలేసిన శాస్త్రవేత్త కుర్చీ నష్టం ఈ ఏడాది కనిపించదు. పదేళ్ల తర్వాత పొలంలో కనిపిస్తుంది. అప్పటికి ఆ నిర్ణయం తీసుకున్న అధికారి ఎక్కడో ఉంటాడు, పద్దులో ఆ లోటుకు పేరు కూడా ఉండదు. దేశం మొత్తం మీద పరిశోధనకు పెడుతున్న ఖర్చు 2020-21 లెక్కల ప్రకారం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. ఆ కొంచెంలో కూడా కొత్త భవనానికి, కొత్త పథకానికి దొరికినంత తేలిగ్గా పాత కేంద్రాల్లో పొలం కూలీలకు, విత్తనం నిల్వకు, జీపు డీజిలుకు డబ్బు దొరకదు. ఇది సరిదిద్దుకోవలసిన పెద్ద తప్పు.

వంగడం ఒక్కటే రైతును నిలబెడుతుందని చెప్పడం కూడా అన్యాయమే అవుతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మార్టేరు కేంద్రం ఇచ్చిన రకాల్లో లోపం ఉందని కాదు. ధర గిట్టలేదు, కూలి పెరిగింది, మురుగు పారలేదు. మంచి విత్తనం మునిగిన చేలో పనిచేయదు.

కొబ్బరి విషయంలో అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం చేస్తున్న పని ఎక్కువమంది దృష్టికి రాదు. 2016లో తమిళనాడు, కేరళల్లో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఆంధ్ర తీరానికీ చేరింది. ఆకుల కింద తెల్లని మైనపు చుట్టలు, పైన నల్లటి మసి. రైతుకు వెంటనే తోచేది పురుగుమందు. ముప్పై నలభై అడుగుల చెట్టు మీద, ఇళ్ల మధ్య, కాల్వ గట్ల మీద మందు పిచికారీ అంటే మనుషులకూ చేపలకూ ముప్పు. పైగా తెల్లదోమలో గుడ్లు పెట్టి దాన్ని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ జాతి పురుగూ పోతుంది. కాబట్టి మందు కొట్టొద్దు, ఆ పురుగును కాపాడుకోండి, ఐసేరియా అనే శిలీంధ్రాన్ని నీళ్లలో కలిపి చల్లండి అని చెప్పారు. ఏమీ కొట్టకుండా ఆగమని రైతుకు చెప్పి ఒప్పించడం కొత్త మందు అమ్మడంకన్నా కష్టం. ఆ మాట నమ్మాలంటే చెప్పినవాళ్లు పక్క ఊళ్లో ఉండాలి, మళ్లీ నెలకు కనబడాలి.

పరిశ్రమ వైపు తణుకు ఉదాహరణ ఒకటి చాలు. 1947లో ఏర్పడిన ఆంధ్రా షుగర్స్ చెరకు నుంచి రసాయనాల వైపు నడిచి, ఆస్పిరిన్ తయారు చేసి, ఆపైన ఇస్రో శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతితో రాకెట్లకు ద్రవ ఇంధనం అందించింది. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో వికాస్ ఇంజిను మండించే ఇంధనంలో ప్రధాన భాగం హైడ్రజీన్ జాతికి చెందిన ఈ రసాయనమే. ప్రభుత్వ ప్రయోగశాల తనకు తెలిసిన పద్ధతిని దాచుకోకుండా ఇచ్చింది. ప్రమాదకర రసాయనాన్ని నమ్మకంగా చేసే శ్రద్ధ ఒక ఊరి మిల్లుకు ఉంది. రెండూ కలిసినప్పుడే ఇది సాధ్యం. రాజమహేంద్రవరంలోని కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ 1947 నుంచి పొగాకు మీదే పనిచేసి, ఇటీవల వాణిజ్య వ్యవసాయ పరిశోధనా సంస్థగా పేరూ పరిధీ మార్చుకుంది. జనం ఆరోగ్యాన్ని తినే పంటకు సేవ చేసిన నైపుణ్యాన్ని వేరే దారి పట్టించడం మంచి నిర్ణయం. పొగాకు ఆకులోని సొలనెసోల్ నుంచి కోఎంజైమ్ క్యూ10 అనే ఆరోగ్య పదార్థం తయారవుతుంది. అలాంటి దారులు అక్కడ ముందు నుంచీ వెతుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు డెల్టాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతున్నది రొయ్య. 1990ల మొదట్లో టైగర్ రొయ్య రైతులకు కళ్లు చెదిరే డబ్బు చూపించింది. 1994-95లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే ఊడ్చేసింది. అప్పుడు తల్లి రొయ్యల్ని సముద్రంలో పట్టుకొచ్చేవాళ్లు, వాటితోనే వైరసూ హేచరీకి వచ్చేది. ఆ దెబ్బకు జవాబుగా 2009లో వనామి అనే విదేశీ తెల్ల రొయ్య వచ్చింది. రోగరహిత తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించి, అనుమతి ఉన్న హేచరీలకే ఇవ్వాలని పద్ధతి పెట్టారు. చదరపు మీటరుకు 60 రొయ్య పిల్లలు మించి వేయకూడదన్న నిబంధనా ఉంది. కోస్తా ఆక్వా రంగం మళ్లీ లేచి నిలబడిందంటే దాని వెనక ఉన్నది ఈ పరీక్షల వ్యవస్థే.

రోగరహితం అన్న మాటను చాలామంది రోగం రాదని అర్థం చేసుకున్నారు. కొన్ని నిర్ణీత రోగక్రిములు లేకుండా పుట్టిందని మాత్రమే దానర్థం. చెరువులో ఆ క్రిమి ఉంటే ఈ రొయ్యకూ సోకుతుంది. ఈ తేడా రైతుకు మొదటి రోజే స్పష్టంగా చెప్పి ఉంటే చాలా చెరువులు బతికేవి. తర్వాత వచ్చిన ఈహెచ్‌పీ ఇంకా మొండిది. కాలేయంలాంటి అవయవంలో చేరే ఈ సూక్ష్మజీవి రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. మేత తింటూనే ఉంటుంది, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) దిగదు. రైతు తొంభై రోజులు కరెంటు, మేత, ఏరేటర్ల ఖర్చు పెట్టాక కాని నష్టం తేలదు. బీజాలు చెరువు అడుగు మట్టిలో మిగిలిపోతాయి. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండబెట్టి, కాల్చిన సున్నం దున్ని కలిపి, మట్టి పీహెచ్ బాగా పెంచితేనే అవి చస్తాయి. సీడ్ (రొయ్య పిల్లలు) కొనేముందు, రోగక్రిమి జన్యువును పట్టే పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఇవన్నీ తెలిసిన పద్ధతులే. ఏడాదికి రెండు మూడు పంటలు తీయాలన్న తొందరలో చెరువు ఎండేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండటం లేదు, లీజు డబ్బు ఆగనివ్వదు.

సలహా ఎవరిస్తున్నారన్నది మరో చిక్కు. డెల్టా పట్టణాల్లో చాలాచోట్ల ఆక్వా మందుల షాపే ల్యాబు. నీళ్ల శాంపిలు చూసి సలహా చెప్పేదీ, ఆ సలహాకు తగ్గ డబ్బా అమ్మేదీ ఒకరే. యాంటీబయాటిక్ అవశేషం దొరికిందంటే విదేశీ రేవులో కంటైనర్ వెనక్కి వస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వంటివి వందకోట్లలో ఒక వంతు స్థాయిలో ఉన్నా పరికరాలు పట్టేస్తాయి. ఇది ఎగుమతి సమస్య మాత్రమే అనుకోవద్దు. చెరువులో విచ్చలవిడిగా వాడిన మందుకు అలవాటుపడ్డ బాక్టీరియా అదే నీళ్లలో పనిచేసే మనుషులకూ చేరుతుంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడాకు భీమవరంలో ప్రయోగశాల ఉంది. అలాంటి నిష్పాక్షిక పరీక్ష ప్రతి ఆక్వా మండలానికీ అందుబాటు ధరలో రావాలి.

వనామి తల్లి రొయ్యల కోసం విదేశాల మీద ఆధారపడటం తగ్గించడానికి చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపకం సంస్థ, సీబా, మన భారతీయ తెల్ల రొయ్యను జన్యుపరంగా మెరుగుపరిచే పని చేపట్టింది. ఇందుకు ఎంత ఓపిక కావాలో మంచినీటి చేపల అనుభవం చెబుతుంది. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ, సీఫా, నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1990ల నుంచి తరం తర్వాత తరం ఎంపిక చేసి జయంతి రోహు, అంటే మేలురకం శీలావతి, తయారు చేసింది. ఎదుగుదల తరానికి సగటున 17 శాతం దాకా పెరిగింది. ఉండి, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో శీలావతి పెంచే రైతులకు ఇలాంటి సీడ్ విలువ వేరే చెప్పక్కర్లేదు. రొయ్యకూ అలాంటి తరాల పని కావాలి, మధ్యలో నిధులు ఆగితే ఎంపిక చేసిన కుటుంబాలు పోతాయి, మళ్లీ మొదటి నుంచి మొదలు.

రొయ్య తల, పొట్టు సంగతీ చూడాలి. మొత్తం బరువులో ఇవి సుమారు 40 శాతం. ప్రాసెసింగ్ ప్లాంట్లకు ఇది వ్యర్థం. ఆమ్లంతో ఖనిజాలు, క్షారంతో మాంసకృత్తులు తీసేస్తే కైటిన్, దాన్ని గాఢ క్షారంలో మరిగిస్తే కైటోసాన్ వస్తాయి. కైటోసాన్‌తో చేసిన కట్టు నెత్తురు త్వరగా గడ్డకట్టిస్తుంది, గాయాల చికిత్సలో వాడుతున్నారు. 1957లో కొచ్చిలో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ పద్ధతుల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. డెల్టాలో ఇది పెద్ద పరిశ్రమ కావచ్చు. ఆమ్ల, క్షారాల మురుగును శుద్ధి చేయకుండా కాల్వలోకి వదిలితే మాత్రం రొయ్యల చెరువుకే ఆ నీళ్లు తిరిగి వస్తాయి. కాబట్టి ఎంజైములతో తీసే పద్ధతులకు ఇక్కడే, ఇక్కడి పొట్టుతోనే, ఇక్కడి నీళ్లతోనే పరీక్షలు జరగాలి.

ఇన్ని చేసినా ఒక సమాచారం లేకపోతే శాస్త్రవేత్త గుడ్డివాడే. ఏ చెరువులో, ఏ వారంలో, ఏ రోగం వచ్చిందన్నది తెలియాలి. ఫైలేరియాలో మందు ఆపిన జిల్లాల్లో కూడా ఆరేడేళ్ల పిల్లలకు నెత్తురు పరీక్షలు చేస్తారు. కొత్తగా సోకుతోందా అన్నది ఆ వయసు పిల్లల్లోనే ముందు తెలుస్తుంది. రొయ్యకు అలాంటి నిఘా రైతు నోరు విప్పితేనే సాధ్యం. వైట్ స్పాట్ వచ్చిందని తెలిస్తే కొనేవాడు రేటు కోస్తాడు, పక్క చెరువు రైతు నిలదీస్తాడు. అందుకే రాత్రికి రాత్రే రొయ్యలన్నీ పట్టేసి, నీళ్లు కాల్వలోకి వదిలేస్తారు. దిగువ చెరువులకు వైరస్ అలాగే చేరుతుంది. రోగం చెప్పుకున్న రైతుకు నష్టపరిహారమో బీమానో దొరికి, నీళ్లు బ్లీచింగ్ చేసి వదిలినందుకు అందులో వాటా కలిసేలా ఏర్పాటు ఉంటే ఆ రైతు చెబుతాడు. బీమా కంపెనీ ఆ లెక్క కట్టడానికి కావలసింది రోగాల మీద ఏళ్ల తరబడి పోగైన నమ్మకమైన సమాచారం. అది లేక బీమా రావడం లేదు, బీమా లేక సమాచారం రావడం లేదు. ఈ ముడి విప్పడానికి మొదటి కొన్నేళ్ల నష్టం ప్రభుత్వం భరించి, ఒకటి రెండు మండలాల్లో మొదలుపెట్టి చూడాలి.